కమ్మీకీ పరుపుకీ మధ్య

రాత్రి రెండు దాటింది. మదనపల్లెలో ఒక ఆస్పత్రి, ఎముకల వార్డు. నువ్వు నేల మీద చాప వేసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చున్నావు. కిటికీ తలుపు సరిగా పడదు. హార్సిలీ కొండల వైపు నుంచి వచ్చే చలి నీ పాదాలను పట్టుకుంటోంది. బయట టమోటా లోడు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ మార్కెట్టు వైపు పోతోంది.

మంచం మీద మీ అవ్వ. పుంగనూరు దగ్గర పల్లె ఆమెది. వయసు డెబ్బై ఎనిమిది. బీపీ ఉంది, షుగర్ ఉంది. స్నానం చేసే బచ్చలి దగ్గర కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మొన్న ఆపరేషన్ అయింది. పగలంతా బాగానే ఉంది. రెండు ఇడ్లీలు తిని, రేపు సంగటి తెమ్మని అడిగింది. పక్క మంచం దగ్గర భర్తను చూసుకుంటున్న పెద్దమ్మతో ఊరి సంగతులన్నీ మాట్లాడింది.

ఇప్పుడు ఆ మనిషి కాదు.

"ఆవు తెంచుకున్నాది. పోయి పట్టుకో బిడ్డా" అంటోంది. కళ్ళు పైకప్పు మీద ఎక్కడో ఉన్నాయి. "పాలు పిండల్ల. పొద్దెక్కతా ఉండాది."

ఆవు లేదు. దొడ్లో కట్టేసే పొట్టి పుంగనూరు ఆవును అమ్మేసి చాలా ఏండ్లయింది. ఆ మాట చెప్తావు. ఇది ఆస్పత్రి అని చెప్తావు. అవ్వ నీ మొహం చూస్తుంది. నువ్వెవరో ఆమెకు తెలియడం లేదు. చేతికి ఉన్న సెలైన్ ట్యూబును పట్టి లాగబోతుంది. నువ్వు ఆ చెయ్యి పట్టుకుంటావు. ఆ వేళ్ళలో ఇంత బలం ఎక్కడిదో నీకు అర్థం కాదు.

సిస్టర్ వస్తుంది. ఈ రాత్రికి వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే. అవ్వ నుదుటి మీద చెయ్యి పెడుతుంది, షుగర్ చూస్తుంది, మూత్రం గొట్టం మడత పడిందేమో వెతుకుతుంది. మతి పోయిందా అని నువ్వు అడుగుతావు. గొంతు వణుకుతుంది.

"లేదండీ. పెద్దవాళ్ళకు ఆపరేషన్ తర్వాత ఇట్ల అవుతాది. డెలీరియం అంటారు. నొప్పి, నిద్ర లేకపోవడం, జ్వరం, మందులు, కొత్త చోటు, అన్నీ కలిసి మెదడు తికమక పడతాది. పగలు తగ్గి రాత్రి ఎక్కువవుతాది. కారణం కనుక్కుని దాన్ని సరిచేస్తే చానామందికి తగ్గిపోతాది."

నీకు కొంచెం ఊపిరి అందుతుంది. సిస్టర్ మంచానికి రెండు పక్కలా సైడ్ రైల్స్ పైకి లాగుతుంది. టక్కుమని గొళ్ళెం పడుతుంది. ఇటు ఒక ఇనుప కంచె, అటు ఒక ఇనుప కంచె. అవతల మూడో మంచం పేషెంటుకు వాంతులు. సిస్టర్ అటు పరుగెత్తుతుంది.

"చేతులు రెండూ గుడ్డతో మంచానికి కట్టెయ్ బిడ్డా. మా ఆయనకు అట్లే చేస్తిమి" అంటుంది పక్క మంచం పెద్దమ్మ. కీడు కోరి చెప్పే మాట కాదు. ఆమె కళ్ళలో నిద్ర లేదు, నీ మీద జాలి ఉంది.

నీ చేతిలో తువ్వాలు ఉంది. అవ్వ మణికట్టు మీద చర్మం వెల్లుల్లి పొట్టు లాగా ఉంది. కడితే ఇంకా గింజుకుంటుంది. గింజుకుంటే చర్మం ఊడుతుంది, భయం పెరుగుతుంది. నువ్వు తువ్వాలు కింద పెట్టేస్తావు. మంచి పని చేశావు.

కమ్మీలు పైకే ఉన్నాయి. ఇంక పడదులే అనుకుంటావు. అవ్వ కళ్ళు మూసుకుంటుంది. రెండు రాత్రులుగా నీకూ నిద్ర లేదు. తల గోడకు ఆనుతుంది.

గరగర.

ఏదో గరగర.

కళ్ళు తెరుస్తావు. దిండు ఖాళీగా ఉంది. కాళ్ళు పరుపు మీద ఉన్నాయి. నడుము పరుపు అంచున ఉంది. తల లేదు.

లేస్తావు. తల ఉంది. కిందికి దిగి ఉంది. పరుపుకూ కమ్మీకీ మధ్య. అవ్వ పక్కకు దొర్లింది. పరుపు అవతలికి జరిగింది. ఇవతల సందు తెరుచుకుంది. ఆ సందులోకి మెడ దిగింది. గడ్డం కింది కమ్మీకి తట్టుకుంది. మొహం పరుపు పక్కకు అణిగిపోయింది.

గరగర ఆ గొంతులోంచే.

లాగాలా? చేతులు పట్టి లాగితే మెడ ఇంకా బిగుస్తుంది. గొళ్ళెం తీసి కమ్మీ దించాలా? కమ్మీ కిందికే దిగుతుంది. కింద మెడ ఉంది.

వద్దు. దించొద్దు.

బరువు. ముందు బరువు తియ్.

భుజాల కింద చేతులు పెట్టు. ఎత్తు. పైకి. పరుపు మీదికి. కేక పెట్టు.

"సిస్టర్!"

ఎత్తి పట్టుకో. వదలొద్దు. నీ మోకాలితో పరుపు అంచును అణుచు. సందు పెరుగుతుంది. వేలెడు. ఇంకో వేలెడు. పెద్దమ్మ వచ్చింది. ఆపరేషన్ కాలు మెలిపడకుండా పట్టుకుంది. సిస్టర్ వచ్చింది. అటువైపు నుంచి పరుపును గట్టిగా లాగింది. తల కింద చెయ్యి పెట్టింది.

"నేను చెప్పినప్పుడు. ఇప్పుడు."

వచ్చింది.

పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక దగ్గు. ఇంకొకటి. ఆక్సిజన్ మాస్కు. ఛాతీ లేస్తోంది. దిగుతోంది. మళ్ళీ లేస్తోంది. మెడ మీద కమ్మీ అచ్చు ఎర్రటి గీతలా పడి ఉంది.

అప్పుడు నీ మోకాళ్ళు వణకడం మొదలుపెడతాయి. నేల మీద కూలబడతావు. డ్యూటీ డాక్టరు వచ్చి మెడ, తుంటి, కాలు అన్నీ చూసి, ఎక్స్‌రేకు రాసి, ప్రాణానికి ఏమీ లేదని చెప్పేదాకా నీ నోట మాట రాదు. వచ్చాక ఒకే ప్రశ్న వస్తుంది. కమ్మీ పెట్టింది పడకుండా ఉండటానికే కదా?

డాక్టరు కుర్చీ లాక్కుని నీ పక్కన కూర్చుంటాడు. పడకుండా పెట్టిన కమ్మీలోనే మనుషులు ఇరుక్కుంటారని వైద్యలోకానికి ఎప్పటి నుంచో తెలుసంటాడు. అమెరికాలో ఇలాంటి ప్రమాదాల సమాచారం అక్కడి ఎఫ్‌డీఏకు చేరుతుంది. 1985 నుంచి 2009 జనవరి 1 దాకా దానికి చేరిన ఘటనలు 803. చనిపోయినవాళ్ళు 480 మంది. గాయపడినవాళ్ళు 138 మంది. మిగిలిన 185 మందికి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు? సమయానికి ఎవరో చూశారు, విడిపించారు. ఇరుక్కున్నవాళ్ళలో ఎక్కువ మంది బలహీనులు, ముసలివాళ్ళు, తికమకలో ఉన్నవాళ్ళు.

నువ్వు అవ్వ వైపు చూస్తావు. ఆ మూడు మాటలూ ఆమెకు సరిపోతాయి.

1997లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 74 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారని కూడా డాక్టరు చెప్తాడు. నూటికి డెబ్బై మంది కమ్మీకీ పరుపుకీ మధ్యే పోయారు, మొహం పరుపుకు అణిగి. నువ్వు ఇందాక నీ చేతులతో తెరిచిన సందు అదే.

తెల్లారుతుంది. సిస్టర్ డ్యూటీ దిగే ముందు ఒక కాగితం తీసుకుని అవ్వ దగ్గర నిలబడుతుంది. 1989లో జానిస్ మోర్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు వెలువరించిన లెక్క అది. పేషెంటు పడిపోయే ముప్పు ఎంతో అంకెల్లో చెప్తుంది. ఈ మధ్య పడిందా? పడింది, 25. సెలైన్ ట్యూబు ఉందా? ఉంది, 20. ఇంకో జబ్బు ఉందా? ఉంది, 15. తన పరిస్థితి తనకు తెలుస్తోందా? లేదు, 15. మొత్తం 75. సాధారణంగా 45 దాటితేనే పెద్ద ముప్పు కింద లెక్క. అవ్వ చేతికి పసుపు రంగు పట్టీ కడతారు. ఆ పట్టీ చూస్తే, ఏ షిఫ్టులో ఎవరు వచ్చినా ఈ మనిషి మీద ఒక కన్ను వెయ్యాలని తెలుస్తుంది.

ఆ తర్వాత సిస్టర్ నిన్ను మంచం చుట్టూ తిప్పుతుంది. "ఏడు చోట్లు ఉన్నాయి. ఏడూ చెయ్యి పెట్టి చూడండి" అంటుంది.

నువ్వు వంగి చెయ్యి పెడతావు. ఇనుము చల్లగా తగులుతుంది. రైల్‌లో కమ్మీకీ కమ్మీకీ మధ్య ఖాళీ, ఒకటి. రైల్ కింద, దాన్ని నిలబెట్టే కాళ్ళ దగ్గర ఖాళీ, రెండు. రైల్‌కూ పరుపుకూ మధ్య, మూడు. నీ చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగిపోతుంది. రైల్ చివర కింద, అది పరుపును కలిసే మూల, నాలుగు. తలవైపు సగం రైల్‌కూ కాళ్ళవైపు సగం రైల్‌కూ మధ్య, ఐదు. రైల్ చివరకూ మంచం పలకకూ మధ్య, ఆరు. ఆ పలకకూ పరుపుకూ మధ్య, ఏడు. ఎఫ్‌డీఏ 2006లో ఈ ఏడింటినీ గుర్తించి, మొదటి నాలుగింటికి కొలతలు ఇచ్చింది. ఇరుక్కున్నవాళ్ళలో నూటికి ఎనభై మంది దాకా మొదటి నాలుగు చోట్లే ఇరుక్కున్నారు. మొదటి మూడు చోట్ల ఖాళీ 12 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండాలి. అంతకన్నా తక్కువైతే తల దూరదు. నాలుగో చోట 6 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండాలి. అంతకన్నా తక్కువైతే మెడ దిగదు.

రాత్రి మూడో చోట ఎంత ఉంది? పరుపు మధ్యలో ఉన్నప్పుడు చూస్తే సరిపోయినట్టే ఉంది. సిస్టర్ పరుపును రెండు చేతులతో అవతలికి నెడుతుంది. అంచును కిందికి అదుముతుంది. ఇప్పుడు నీ పిడికిలి అడ్డం లేకుండా దిగిపోతుంది, దాని పక్కన ఇంకా చోటుంది. మంచం ఒక కంపెనీది, పరుపు ఇంకొకటి. పాత పరుపు చిరిగితే దొరికిన పరుపు వేశారు. వెడల్పు తక్కువ, అంచు మెత్తన. అంతే జరిగింది. ఎవరూ కావాలని చెయ్యలేదు.

కావాలని చెయ్యకపోయినా మెడ దిగింది.

స్టోర్ నుంచి సరిపోయే పరుపు వస్తుంది. దాంతో పాటు రెండు పొడుగాటి మెత్తలు వస్తాయి. లోపల గట్టి స్పాంజి, పైన రెగ్జిన్. సిస్టర్ ఒక మెత్తను కమ్మీల మీదుగా కప్పి, పట్టీలు బయటివైపు బిగిస్తుంది. మెత్త పైకమ్మీ నుంచి పరుపు అంచు కిందిదాకా దిగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ లేదు. నువ్వు మోచేతితో కొట్టి చూస్తావు. దబ్ మంటుంది, ఎముకకు తగలదు. చెయ్యి దూర్చి చూస్తావు. దూరదు. తల ఆనించి తొయ్యి అంటుంది సిస్టర్. నీ తలే ఆనించి తోస్తావు. మెత్త కదలదు.

ఒక దిండు అడ్డం పెడితే పోదా అనిపిస్తుంది నీకు. చేతిలో దిండు ఉంది కూడా. సిస్టర్ దాన్ని తీసేసుకుంటుంది. దిండు జరుగుతుంది. దుప్పటి జారుతుంది. మొహం అందులోకి కూరుకుపోతే తిప్పుకునే బలం అవ్వకు లేదు. అందుకే మెత్త గట్టిగా ఉండాలి, కట్టు బిగువుగా ఉండాలి, వేలాడే తాడు ఒక్కటి కూడా లోపలివైపు ఉండకూడదు.

"ఇది ఉంది కదా అని మళ్ళీ నిద్రపోవద్దు" అంటుంది సిస్టర్. మెత్త దెబ్బను ఆపుతుంది, సందును మూస్తుంది. ఎక్కి దూకేవాళ్ళను ఆపదు. కమ్మీ ఎక్కి పడితే మంచం మీది నుంచి పడే ఎత్తు కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడతారు. అందుకని మంచాన్ని ఎంత దించగలరో అంత దించుతారు. చక్రాలకు తాళం వేస్తారు. అవ్వ కళ్ళజోడు ఆమెకు పెట్టమంటారు. పగలు కిటికీ తెరిచి వెలుగు రానివ్వమంటారు. రెండు గంటలకోసారి పలకరించమంటారు. దప్పికా, నొప్పా, ఎక్కడైనా గుచ్చుకుంటోందా అని అడగమంటారు. మంచం దిగాలని చూసే మనిషికి దిగడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తీరిస్తే దిగాలనే ఆత్రం తగ్గుతుంది.

పెద్దమ్మ ఇదంతా వింటూ ఉంది. వాళ్ళ నాయన క్షయతో ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉన్నాడట. ఊరి వెలుపల ఆ శానిటోరియం 1912లో పుట్టింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోల్లర్ దాన్ని నడిపాడు. క్షయకు మాత్రలు లేని కాలంలో మంచి గాలి, మంచి తిండి, పడక, ఇవే వైద్యం. "మంచమే మందు అనేవాడు మా నాయన. మందయితే దానికీ చూసి వాడే పద్ధతి ఉండల్ల గదా" అంటుంది పెద్దమ్మ. రాత్రి కట్టెయ్యమని చెప్పిన మనిషే ఇప్పుడు తన భర్త మంచం దగ్గరకు పోయి సందులో చెయ్యి పెడుతుంది.

మూడో రోజుకు అవ్వ నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది.

డిశ్చార్జి అయింది. మదనపల్లె నుంచి పుంగనూరుకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. కారు వెనక సీట్లో అవ్వ, ఆమె కాళ్ళ మధ్య దిండు. ప్రతి గుంతకూ డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టేలా నువ్వు చూస్తున్నావు.

ఇంట్లో ఫౌలర్ కాట్ ముందే దిగింది. అద్దెది. తల వైపు లేపే హ్యాండిల్ ఉంది, రెండు పక్కలా కమ్మీలున్నాయి. ఇక్కడ డ్యూటీ సిస్టర్ లేదు. ఆక్సిజన్ లేదు. ఉన్నది నువ్వు. కాబట్టి అవ్వను పడుకోబెట్టక ముందే కొలవాలి.

పాత సీడీ ఒకటి వెతికి తెస్తావు. దాని వెడల్పు సరిగ్గా 12 సెంటీమీటర్లు. కమ్మీల మధ్య అడ్డంగా పెట్టి చూస్తావు. దూరదు, బాగుంది. పరుపును గోడవైపుకు నెట్టి, అంచును మోకాలితో అదిమి, ఇవతలి సందులో పెడతావు.

దూరిపోయింది.

ఇంట్లో వాళ్ళు నిన్నే చూస్తున్నారు. అవ్వ కుర్చీలో కూర్చుని నడుము నొప్పి అంటోంది. పొద్దు గూకుతోంది. ఇప్పటికి పడుకోబెట్టేద్దాం, రేపు చూసుకుందాం అంటారు ఎవరో. ఏం చేస్తావు?

రాత్రి రెండు గంటలు గుర్తుకొస్తుంది. ఈ మంచం మీద వద్దంటావు. ఒక్క రాత్రికి గోడ పక్కన ఉన్న పాత దివాను మీద పరుపు వేసి, నువ్వు పక్కనే పడుకుంటావు, చెయ్యి ఆమె చేతి మీద పెట్టుకుని.

పొద్దున్నే బజారులో ఆటో సీట్లు కుట్టే కుషన్ అంగడికి పోతావు. అతనికి ఆస్పత్రి మెత్తల సంగతి తెలియదు, సీట్ల సంగతి తెలుసు. నువ్వు ఫోన్లో తీసుకున్న ఫొటో చూపిస్తావు. వేలితో నొక్కితే అడుగు తగిలే స్పాంజి వద్దని అతనే చెప్తాడు. అంగుళంన్నర గట్టి స్పాంజి కోస్తాడు. తడి గుడ్డతో తుడిస్తే శుభ్రపడే రెగ్జిన్ తొడుగుతాడు. కుట్లు బయటివైపు వేస్తాడు, గరుకు అంచు అవ్వ చర్మానికి తగలకుండా. పట్టీలు దగ్గర దగ్గరగా కుడతాడు. మంచానికి సరిపోయే వెడల్పు పరుపు కూడా అక్కడే కోయిస్తావు. అసలు లోపం పరుపుది. దాన్ని వదిలేసి మెత్త మాత్రం కడితే సందు మెత్త వెనక దాక్కుంటుంది.

బిగించాక మళ్ళీ సీడీ. మళ్ళీ మోకాలు. దూరలేదు. నాలుగు మూలలా, రెండు చివర్లా. దూరలేదు.

వారానికి ఎదురింటివాళ్ళు తమ ఎయిర్ బెడ్ తెచ్చిస్తారు, వీపు పుండ్లు పడకుండా. మంచి మనసుతో తెచ్చారు, పుండ్ల భయమూ నిజమే. పరుస్తావు. అంచున చెయ్యి పెట్టి నొక్కుతావు. గాలి పక్కకు పోయి అంచు కిందికి కుంగుతుంది. మూసిన సందు మళ్ళీ తెరుచుకుంది. గాలి పరుపు వేస్తే కొలతలన్నీ మొదటి నుంచి కొలవాలి. నువ్వు డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతావు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంటే ప్రస్తుతానికి స్పాంజి పరుపు చాలంటాడు. ఆ ఎయిర్ బెడ్ మడిచి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తావు.

ఒక మధ్యాహ్నం అవ్వ అంటుంది. "నన్ను బోన్లో పెట్టినట్టుండాది."

ఇప్పుడు ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి. తికమక లేదు. నువ్వు కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడతావు. ఈ కమ్మీ ఇప్పుడు ఎవరి కోసం? తనంతట తాను దించుకోలేని కమ్మీ, లేవకుండా ఆపడానికే పెట్టిన కమ్మీ, కట్టేయడం కిందికే వస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మానసిక వైద్యశాలల్లో ఈ విషయాన్ని కచ్చితంగా చెప్పింది. వెంటనే జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే మనిషిని కట్టాలి, సిబ్బంది తక్కువ ఉన్నారన్న సాకుతో కట్టకూడదు. ఆ చట్టం మీ ఇంటికి రాదు. అందులోని న్యాయం వస్తుంది.

"ఏం కావాలవ్వా?" అని అడుగుతావు.

పక్కకు తిరిగేటప్పుడు పట్టుకోవడానికి ఒకటి కావాలంటుంది. ఒంటేలుకు పోవాలంటే పిలిచేదానికి ఒకటి కావాలంటుంది. అంతే. తలవైపు సగం కమ్మీ మెత్తతో సహా ఉంచుతావు. కాళ్ళవైపుది దించేస్తావు. చేతికందేచోట గంట పెడతావు. చిన్న బల్బు రాత్రంతా వెలుగుతుంది. చెప్పులు ఒకే చోట ఉంటాయి. పడుకునే ముందు ఒకసారి, నడిరేయి ఒకసారి నువ్వే లేపి తీసుకుపోతావు. ఫిజియోథెరపీ అతను వాకర్ పట్టించి నడిపిస్తాడు. ఆమె తనంతట తాను లేచి నిలబడిన వారం ఆ సగం కమ్మీ కూడా తీసేస్తావు. మెత్తలు తుడిచి, మడవకుండా అటక మీద పెడతావు. ఇంకెవరికైనా పనికొస్తాయి.

పనికొచ్చే రోజు తొందరగానే వస్తుంది.

కుప్పం నుంచి అక్క ఫోన్. కొడుకుకు మళ్ళీ ఫిట్స్. పన్నెండేళ్ళ వాడు. ఆస్పత్రిలో చేర్చారు. మందులు మారుస్తున్నారు. రెండు రోజులు చూడాలన్నారు. నువ్వు ఆ మెత్తలు తాడుతో కట్టుకుని బస్సెక్కుతావు. పలమనేరు, వి.కోట దాటి బస్సు కుప్పం చేరేసరికి చీకటి పడింది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. వార్డులో ఒక మంచం దగ్గర తెలుగు, ఇంకో మంచం దగ్గర తమిళం, మూలన కన్నడం వినిపిస్తున్నాయి.

నీ మెత్తలు అక్కర్లేదు. ఈ మంచానికి ముందే ఉన్నాయి. సిస్టర్లు పిల్లవాడిని చేర్చుకున్న గంటలోనే కట్టారట. నువ్వు చెయ్యి పెట్టి చూస్తావు. సందు లేదు. పట్టీ బిగువుగా ఉంది. మంచం మీద అదనపు దిండు లేదు, గట్టి బొమ్మ లేదు, స్టీలు గ్లాసు లేదు.

అక్కను పడుకోమంటావు. నువ్వు కూర్చుంటావు.

అర్ధరాత్రి. పిల్లవాడు ఒక్కసారి అరుస్తాడు. ఒళ్ళు కొయ్యబారుతుంది.

మొదలైంది.

చేతులు కొట్టుకుంటున్నాయి. తల పక్కకు పడుతోంది. దబ్. దబ్. దబ్. కమ్మీ మీద. మెత్త మీద.

అక్క లేచింది. తాళాల గుత్తి తీసింది. వాడి గుప్పిట్లో పెట్టబోతోంది. వద్దను. దాంతో ఏమీ ఆగదు. చెంచా తెచ్చారు ఎవరో. నోట్లో పెట్టొద్దు. పళ్ళు విరుగుతాయి. ఊపిరి అడ్డం పడుతుంది. ఒకాయన కాళ్ళు అదిమి పట్టబోయాడు. పట్టొద్దు. ఎముక విరుగుతుంది.

గడియారం చూడు.

దబ్. దబ్.

ముప్పై సెకన్లు. అక్క ఏడుస్తోంది. సిస్టర్ వచ్చింది. సూది సిద్ధం చేస్తోంది. నిమిషం. మెడ దగ్గర చొక్కా గుండీ తియ్. నిమిషంన్నర. చేతులు నెమ్మదిస్తున్నాయి. ఐదు నిమిషాలు దాటితే పెద్ద ప్రమాదం. రెండు నిమిషాలు.

ఆగింది.

పక్కకు తిప్పు. ఎడమకు. నోట్లో చొంగ బయటికి కారనీ. ఊపిరి చూడు. ఉంది. గట్టిగా ఉంది.

సిస్టర్ టార్చి వేసి తల తడుముతుంది. బొప్పి లేదు. మోచేతులు చూస్తుంది. తోలు లేవలేదు. లోపల ఉన్నది ఇనుమే. రెండు నిమిషాల పాటు ఒక పిల్లవాడి తల ఆ ఇనుము వైపే కొట్టుకుంది. మధ్యలో అంగుళంన్నర స్పాంజి ఉంది. అక్క ఆ మెత్త మీద చెయ్యి వేసి నీ వైపు చూస్తుంది. ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియదు.

ఈ మంచాల్లో ఏదో ఒకదాని పక్కన నువ్వు నిజంగానే నిలబడే రోజు వస్తుంది. అమ్మ కోసమో, నాయన కోసమో, బిడ్డ కోసమో. ఆ రోజు అటెండెంటువి నువ్వే. సిగ్గుపడకుండా అడుగు. ఈ మంచానికి ఈ పరుపు సరిపోతుందా? మెత్తలు ఉన్నాయా? మంచాన్ని ఇంకా దించగలరా? ఈ కమ్మీ అసలు అవసరమా, అవసరమైతే ఎన్నాళ్ళు? ఈ ప్రశ్నలకు నొచ్చుకునే సిస్టర్ ఉండదు. ఆమెకు రాత్రి ఒక్కతే తిరగాల్సిన వార్డు ఉంది. నీ కన్ను ఆమెకు ఆసరా.

ఆస్పత్రి నడిపేవాళ్ళకూ ఒక మాట. ప్రతి వార్డులో మంచాలన్నీ ఒకసారి కొలిపించండి. పరుపు మార్చిన ప్రతిసారీ మళ్ళీ కొలిపించండి. ముసలివాళ్ళకు, ఫిట్స్ ఉన్నవాళ్ళకు, తికమకలో ఉన్నవాళ్ళకు వెంటనే కట్టడానికి ప్రతి వార్డులో మెత్తలు సిద్ధంగా ఉంచండి. ఇందులో అరుదైన యంత్రం ఏదీ లేదు. స్పాంజి, రెగ్జిన్, పట్టీలు, ఒక కొలత టేపు. పుంగనూరు బజారులో ఆటో సీట్లు కుట్టే మనిషి కూడా కుట్టగలడు.

ఇంట్లో ఎవరైనా ఇరుక్కుంటే చేతులు పట్టి లాగొద్దు, కమ్మీ దించొద్దు. బరువు ఎత్తు, పరుపు అణుచు, మనిషిని పిలువు, 108కి ఫోన్ చేయించు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా 108కే.

ఇవన్నీ మరిచిపోయినా ఒక్కటి గుర్తు పెట్టుకో. ఈ రాత్రి నీ మనిషి మంచానికి కమ్మీ పైకి లాగే ముందు, పరుపును అవతలికి నెట్టి ఆ సందులో నీ చెయ్యి పెట్టి చూడు. పిడికిలి దిగి పక్కన ఇంకా చోటుంటే, ఆ మంచం మీద పడుకోబెట్టొద్దు.